పిల్లల కబడ్డీ జట్టు నడుపుతున్నారా? ఇవి చూసుకోండి

కైకలూరు పరిసర గ్రామాల్లో సొంత ఖర్చుతో పిల్లల కబడ్డీ జట్టు నడిపేవారు డబ్బు కంటే ముందు చూసుకోవాల్సినవి ఇవి.

మైదానం: పాఠశాల ఆవరణ కావాలంటే ప్రధానోపాధ్యాయులకు రోజులు, వేళలు రాసి దరఖాస్తు ఇవ్వండి. నోటిమాటగా తీసుకున్న అనుమతి ఆయన బదిలీ అయితే నిలవకపోవచ్చు.

కోర్టు: పురుషులకు 13×10 మీటర్లు, మహిళలకు 12×8. టేపు లేకపోతే మీటరుకో ముడి వేసిన తాడు చాలు. 13×10 కోర్టులో ఎదురెదురు మూలల మధ్య 16.4 మీటర్లు వస్తే గీతలు సరిగ్గా ఉన్నట్టే. గీతలకు ముగ్గుపిండి వాడండి. సున్నం కళ్లలో పడితే ప్రమాదం.

నేల: నల్లమట్టి వానకు జారుతుంది, ఎండకు బీటలు వారుతుంది. ఆటకు ముందు గాజుముక్కలు, రాళ్లు ఏరి, ఇసుక పరచండి. అత్యవసరమైతే 108కి ఫోన్ చేయండి.

పత్రాలు: ప్రతి పిల్లవాడి జనన ధ్రువపత్రం, ఆధార్ నకళ్లు, తల్లిదండ్రుల సమ్మతి పత్రం ఒకే ఫైలులో ఉంచండి. వయసు రుజువు లేక ఎంపికలో వెనుదిరిగితే ఏడాది శ్రమ వృథా.

జిల్లా: 2022 ఏప్రిల్ 4న కైకలూరు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఎంపిక పోటీలకు పిల్లలను ఏ జిల్లా తరఫున పంపాలో క్రీడా సంఘాన్ని ముందే అడగండి. బస్సెక్కాక తెలిస్తే నష్టపోయేది పిల్లలే.