వెన్నుపాము గాయం, శ్రేయస్సు: మారుతూ వచ్చిన అర్థం

వెన్నుపాము దెబ్బతిని నడుము కింది భాగం చచ్చుబడిన స్థితిని పారాప్లీజియా అంటారు. ఇలా జీవించేవారికి శ్రేయస్సు అంటే ఏమిటి? మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో ఈ ప్రశ్నకు తావే లేదు. అలా గాయపడిన సైనికుల్లో అత్యధికులు ఒంటి పుండ్లతోనో, మూత్రకోశ వ్యాధులతోనో త్వరలోనే మరణించేవారు.

నాజీ జర్మనీ నుంచి ఇంగ్లండు చేరిన వైద్యుడు లుడ్విగ్ గుట్‌మన్ 1944లో స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో వెన్నుపాము విభాగాన్ని ప్రారంభించారు. రాత్రింబవళ్లు ప్రతి రెండు గంటలకూ రోగిని ఒత్తిగిలించాలన్నది ఆయన నియమం. వినడానికి చిన్న పనే, కాని ప్రాణాలు నిలవడంలో దాని పాత్ర పెద్దది. 1948 జూలై 29న, లండన్ ఒలింపిక్స్ మొదలైన రోజునే, 16 మందితో ఆయన విలువిద్య పోటీ జరిపారు. పారాలింపిక్స్‌కు మూలం అదే. రోగి తిరిగి సంపాదించి, పన్ను కట్టే పౌరుడు కావడమే గుట్‌మన్ దృష్టిలో శ్రేయస్సు. ఇది వైద్యుడు ఇచ్చిన నిర్వచనమని గమనించండి.

ఇప్పుడు వేలూరుకు వద్దాం. అక్కడి క్రైస్తవ వైద్య కళాశాలలో యువ వైద్యురాలైన మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదంలో కాళ్ల చలనం కోల్పోయారు. చేతి శస్త్రచికిత్సను కూర్చునే చేయవచ్చు. డాక్టర్ పాల్ బ్రాండ్ ప్రోత్సాహంతో ఆమె చక్రాల కుర్చీలో కూర్చునే కుష్ఠు రోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. తరువాత ఆస్ట్రేలియా, అమెరికాలలో పునరావాస వైద్యం నేర్చుకున్నారు. 1966లో వేలూరులో ఆరంభమైన పునరావాస సంస్థ ఆమె కృషి ఫలమే. ఇలాంటి కథల్లో పట్టుదలను పొగిడి ఊరుకోవడం మనకు అలవాటు. కాని ఆమెను నమ్మి పని అప్పగించిన సహోద్యోగులు, కుర్చీతో లోపలికి వెళ్లగలిగిన ఆపరేషన్ గది లేకపోతే ఆ పట్టుదల ఎంతదూరం వచ్చేది?

1978లో అమెరికాలో బ్రిక్‌మన్ బృందం చేసిన అధ్యయనాన్ని కూడా ఇక్కడ చూడాలి. లాటరీ గెలిచినవారూ, ప్రమాదంలో చచ్చుబడినవారూ చివరికి సమానంగా సంతోషంగా ఉంటారని అది తేల్చినట్లు చాలాచోట్ల చదువుతారు. పట్టికలో ఉన్నది వేరు. 5కు గాను 29 మంది బాధితుల సగటు 2.96, సాధారణ వ్యక్తులది 3.82, లాటరీ విజేతలది 4.00. అంటే తేడా ఉంది, కాని బయటివారు ఊహించుకునేంత అంధకారమూ లేదు.

ఆ తేడాలో శరీరం వాటా ఎంత, మెట్ల వాటా ఎంత? మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఈ రెండో వాటా గురించే మాట్లాడుతుంది. నియమాలు వెలువడిన ఐదేళ్లలోగా పాత ప్రభుత్వ భవనాలను సైతం అందరూ ప్రవేశించగలిగేలా మార్చాలని అది నిర్దేశించింది. ఆ నియమాలు 2017లో వెలువడ్డాయి. మీ అధ్యయన కేంద్రం గుమ్మం దగ్గర ఎన్ని మెట్లున్నాయో, వాటి పక్కన ర్యాంపు ఉందో లేదో ఈసారి తరగతికి వెళ్లినప్పుడు చూసి రాసుకోండి.