అప్పీలు మీద కోపం

2019 జూన్‌లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చెరిచి చంపారు. ఆగస్టులోనే వరంగల్ కోర్టు ఉరిశిక్ష వేసింది. నవంబర్‌లో హైకోర్టు దాన్ని చనిపోయేదాకా జైలుగా మార్చింది. "అసుంటోనికి అప్పీలేంది?" అన్నరు మా బోరబండలో. ఆ కోపం నిజం. పాప తల్లి ముందు చట్టం మాట్లాడే నోరు నాకూ లేదు.

అయితే చిలకలూరిపేటను ఎట్లా మరుద్దాం? 1993లో ఇద్దరు దళిత యువకులు బస్సు దోపిడీకి దిగి, దాన్ని తగలబెట్టారు. 23 మంది చనిపోయారు. 1996లో సుప్రీంకోర్టు ఉరే ఖాయం చేసింది. హక్కుల సంఘాలు పట్టువదలకుండా పోరాడినంక 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. ఆ ఇద్దరూ బతికింది అడుక్కునే దారి ఇంకొకటి మిగిలి ఉన్నందుకే.

ఇక చుండూరు. 2007లో పడిన శిక్షలన్నిటినీ 2014లో హైకోర్టు అప్పీలులోనే కొట్టేసింది. ఆ తీర్పు మీద కొవ్వొత్తులు పట్టుకుని రోడ్డెక్కిన కాలనీని నేనైతే చూడలేదు.