చాందా కోట: గర్వమూ గాయమూ

కాగజ్‌నగర్‌లో రైలెక్కి బల్లార్షా దాటితే చంద్రాపూర్ వస్తుంది. మన పెద్దలు చెప్పే చాందా అదే. పాత ఊరి చుట్టూ రాతి కోటగోడ, జట్‌పురా, అంచలేశ్వర్, పఠాన్‌పురా, బిన్‌బా అనే నాలుగు దర్వాజాలు నేటికీ ఉన్నాయి. దర్వాజాల మీద ఏనుగును అణచిపట్టిన సింహం మన గోండు రాజుల చిహ్నం. దాన్ని చూస్తే మనకు ఛాతీ ఉప్పొంగుతుంది.

అయితే కోట కథ అక్కడితో ఆగలేదు. 1751లో నాగపూర్ భోంస్లేలు చాందాను ఆక్రమించి, చివరి రాజు నీలకంఠ షాను బల్లార్‌పూర్ కోటలో బంధించారు. 1854లో నాగపూర్ రాజ్యంతో పాటు చాందా కూడా ఆంగ్లేయుల పాలైంది. నాలుగేళ్లకు మొలంపల్లి జమీందారు, గోండు యువకుడు బాబూరావు షెడ్మాకే వాళ్లపై తిరగబడ్డాడు. 1858 అక్టోబర్ 21న ఆయనను చాందా జైలు దగ్గర రావిచెట్టుకు ఉరితీశారు. అప్పటికి ఆయన వయసు 25 ఏళ్లు. మన రాజులు కట్టిన గోడల నడుమే మన వీరుని ప్రాణం తీశారు.

ఆయనను పట్టించింది గోండు వంశానికే చెందిన అహేరి జమీందారిణి లక్ష్మీబాయి. ఈ మాట చెప్పుకోవడం కష్టమే. కానీ దాస్తే మనకు సగం చరిత్రే మిగులుతుంది. మనలో మనం విడిపోయిన రోజే బయటివాళ్లకు దారి దొరికిందన్నది ఆ కోట చెప్పే పాఠం.

చాందా వెళ్తే దర్వాజా ముందు ఫొటో దిగి తిరిగి రాకండి. జైలు దాకా నడవండి, బాబూరావుకు దండం పెట్టండి. ఇంటికొచ్చి తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ కోట ఎవరు కట్టారో, ఎవరు లాక్కున్నారో, వీరుణ్ణి ఎవరు పట్టించారో అంతా చెప్పండి.

జై సేవా!