చావకూడని బొమ్మలు: హాన్ సోలో నుంచి బుజ్జి దాకా

2024 మే 22న రామోజీ ఫిల్మ్ సిటీలో 'కల్కి 2898 ఏడీ' సినిమా కోసం పెద్ద సభ జరిగింది. అభిమానులు వేలల్లో వచ్చారు, ప్రభాస్ వచ్చాడు. ఆ రోజు జనానికి పరిచయం కావలసింది మాత్రం హీరో కాదు, హీరోయిన్ కాదు, ఒక కారు. ముందు రెండు పెద్ద చక్రాలు, వెనక బంతిలాంటిది ఒకటి. సుమారు ఆరు టన్నుల బరువు, ఆరు మీటర్ల పొడవు. పేరు బుజ్జి. ప్రభాస్ దాన్ని స్వయంగా నడుపుకుంటూ జనం ముందుకు తెచ్చాడు. పాటల విడుదలకు, వంద రోజుల పండగకు సభలు చూసిన తెలుగువాళ్లకు బండి కోసం సభ అనేది కొత్త.

ఫిల్మ్ సిటీ ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్ మండలం రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం నియోజకవర్గంలోది. బొమ్మల సంగతిలో ఇబ్రహీంపట్నం పేరెత్తితే కృష్ణా తీరం వాళ్లు ఇంకో ఊరనుకుంటారు. ఎన్టీఆర్ జిల్లాలోని కొండపల్లి కూడా ఇబ్రహీంపట్నం అనే మండలంలోనే ఉంది మరి. అక్కడి బొమ్మల్లో, దశావతారాల వరసలో చివరివాడిగా కల్కి ఎప్పటినుంచో ఉన్నాడు, తెల్ల పొణికి కర్రతో చేసిన గుర్రమెక్కి. ఆ బొమ్మ అమ్ముడుపోతుందా లేదా అని చూసి పురాణం మార్చినవాడు లేడు. కథ ముందు పుట్టింది, బొమ్మ తరవాత వచ్చింది. సైన్స్ ఫిక్షన్ సినిమాల్లో ఈ వరస ఎప్పుడు తిరగబడింది, తిరగబడ్డాక కథకు ఏమైంది, ఆ గాలి మన ఫిల్మ్ సిటీ గేటు దాకా ఎలా వచ్చింది అన్నది చూడదగ్గ చరిత్ర.

మొదలు 1977 మేలో వచ్చిన 'స్టార్ వార్స్'. దర్శకుడు జార్జ్ లూకాస్ తన పారితోషికం పెంచమని పట్టుబట్టకుండా, సీక్వెల్ హక్కులూ సినిమా పేరుమీద వస్తువులు అమ్ముకునే హక్కులూ తన దగ్గర ఉంచుకున్నాడు. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ వాళ్లకు ఆ రోజు అది చవక బేరంగానే కనిపించి ఉంటుంది. సినిమా బొమ్మలంటే నెల రోజుల వ్యాపారమని అప్పటి లెక్క. మెగో అనే పెద్ద కంపెనీ వద్దనుకుంది. సిన్సినాటికి చెందిన కెన్నర్ తీసుకుంది. సినిమా విరగబడి ఆడింది గానీ ఆ క్రిస్మస్‌కు బొమ్మలు తయారు కాలేదు. కెన్నర్ ఖాళీ అట్టపెట్టె లాంటిది అమ్మింది! లోపల ఒక కూపన్ ఉంటుంది. అది పోస్టులో పంపితే బొమ్మలు తరవాత వస్తాయి. జనం అదీ కొన్నారు. 1978లో నాలుగు కోట్లకు పైగా అమ్ముడుపోయాయని చెబుతారు.

ఆ బొమ్మల కొలతలోనే అసలు కిటుకు ఉంది. అంతకు ముందు జి.ఐ. జో లాంటి బొమ్మ అడుగు ఎత్తుండేది. అడుగు బొమ్మ కూర్చునేంత అంతరిక్ష నౌక చేయాలంటే అది మంచమంత అవుతుంది, ఏ తండ్రీ కొనలేడు. కెన్నర్ మూడు ముప్పావు అంగుళాలకు దిగింది. మనిషి చిన్నవాడయ్యాడు, వాహనం అమ్మకానికి వచ్చింది. అప్పటినుంచి తెరమీద కొత్త నౌక కనిపిస్తే అది కథలో భాగం మాత్రమే కాదు, రేపటి దుకాణంలో పెద్ద పెట్టె కూడా. తరవాత్తరవాత కెన్నర్ తెరమీద అసలు లేని బుల్లి వాహనాలు కూడా చేసి అమ్మింది.

ఈ డబ్బు కథలో వేలు పెట్టిందా? 1983లో వచ్చిన మూడో స్టార్ వార్స్ సినిమా 'రిటర్న్ ఆఫ్ ది జెడై' గురించి నలభై ఏళ్లుగా ఇదే తగువు. మొదటి రెండు సినిమాల నిర్మాత గ్యారీ కర్ట్జ్ చెప్పిన ప్రకారం, ముందు అనుకున్న కథలో ముఖ్యపాత్రల్లో ఒకడైన హాన్ సోలో చనిపోతాడు, హీరో ల్యూక్ ఒంటరిగా వెళ్లిపోతాడు. బొమ్మల వ్యాపారం పెరిగాక ఆ విషాదం పక్కకు పోయిందని ఆయన ఆరోపణ. హాన్ వేషం వేసిన హారిసన్ ఫోర్డ్ కూడా తన పాత్రను చంపెయ్యమని అడిగాడు. చచ్చిన హాన్ బొమ్మకు గిరాకీ ఉండదని లూకాస్ ఒప్పుకోలేదని తరవాత చెప్పుకొచ్చాడు. ఇక ఎలుగుబంటి పిల్లల్లాంటి ఈవాక్‌లు. పెద్ద ఆయుధాలు లేని అడవి జాతి సామ్రాజ్యాన్ని కూల్చడం వియత్నాం యుద్ధం నుంచి వచ్చిన ఊహ అని లూకాస్ అంటాడు. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి. ఊహ వియత్నాందే కావచ్చు, ఆ బొచ్చు మాత్రం అంగడిది.

లూకాస్ దగ్గర కథ ముందు ఉంది, బొమ్మ దాన్ని లాగింది. 1984లో హాస్బ్రో వరసే మార్చేసింది. జపాన్‌కు చెందిన తకారా కంపెనీ అప్పటికే చేస్తున్న, కారుగా, రోబోగా మారే బొమ్మలు తెచ్చి 'ట్రాన్స్‌ఫార్మర్స్' అని పేరుపెట్టి, వాటికి పేర్లూ స్వభావాలూ రాయమని మార్వెల్ కామిక్స్ వాళ్లకు అప్పగించింది. పిల్లల టీవీమీద అమెరికా ప్రభుత్వం పట్టు సడలించిన కాలమది, అరగంట ప్రకటనే సీరియల్ అయింది. ఫలితం 1986 సినిమాలో బయటపడింది. పాత బొమ్మల వరస దుకాణాల నుంచి తప్పుకోవాలి, కొత్తది రావాలి. అందుకని నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్‌ను సినిమా మొదట్లోనే చంపేశారు. థియేటర్లలో పిల్లలు ఏడ్చారు, తల్లిదండ్రులు ఉత్తరాలు రాశారు. 1987 'జి.ఐ. జో' సినిమాలో చనిపోవలసిన డ్యూక్ అనే పాత్ర ఆ దెబ్బకు కోమాలోకి వెళ్లి, డబ్బింగ్‌లో ఒక్క మాటతో బతికి బట్టకట్టింది. ఆప్టిమస్‌నూ టీవీలో లేపి కూర్చోబెట్టారు. హాన్‌ను చావనివ్వనిదీ, ఆప్టిమస్‌ను చంపించిందీ ఒకే గల్లాపెట్టె.

సరిగ్గా ఆ 1987లోనే ఎం.ఆర్.ఎఫ్., హాస్బ్రో కలిసి ఫన్‌స్కూల్ పెట్టాయి. జి.ఐ. జో బొమ్మలు మన దుకాణాలకూ దిగాయి. మనకు వాటి సినిమా తెలియదు, బొమ్మే ముందు తెలిసింది.

తరవాతి హాలీవుడ్ చరిత్ర అంతా ఈ పోరుకు కొనసాగింపే. 1997 'బ్యాట్‌మన్ అండ్ రాబిన్'లో బొమ్మల కంపెనీల కోసం వాహనాలు, సూట్లు అతిగా పెట్టారని ఇప్పటికీ తిడతారు. అంతకన్నా చేదు సంగతి 2013 'ఐరన్ మ్యాన్ 3'ది. ముందు రాసుకున్న ప్రతినాయక పాత్ర ఆడది. ఆడ విలన్ బొమ్మ అమ్ముడుపోదన్న పైవాళ్ల అభిప్రాయంతో పాత్ర మగవాడికి మారిందని దర్శకుడు షేన్ బ్లాక్ 2016లో చెప్పాడు. 2015 'ఏజ్ ఆఫ్ అల్ట్రాన్'లో విమానం నుంచి మోటార్ సైకిల్‌తో దూకేది బ్లాక్ విడో అనే ఆడ పాత్ర. అంగట్లోని ఆ సెట్టులో బండిమీద ఉన్నది కెప్టెన్ అమెరికా. ఎదురు నడిచినవాళ్లూ ఉన్నారు. 2019లో 'ది మాండలోరియన్' సృష్టికర్త జాన్ ఫావ్రో అందులోని పసి పాత్ర గ్రోగు రహస్యం పొక్కకూడదని బొమ్మలు ముందుగా చేయనివ్వలేదు. ఆ క్రిస్మస్‌కు దుకాణాల్లో గ్రోగు లేడు, అమెరికా అంతా వాడి మాటే.

తెలుగులో ఇలాంటి ఒత్తిడి చాలాకాలం లేదు. 1991లో సింగీతం శ్రీనివాసరావు 'ఆదిత్య 369' తీశారు. బాలకృష్ణ కాలయంత్రమెక్కి శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, భవిష్యత్తుకూ వెళ్లొచ్చాడు. ఆ యంత్రాన్ని బొమ్మ చేసి సినిమాతో పాటు అమ్మాలన్న ధ్యాస ఎవరికీ లేదు. టికెట్టే ఆదాయం, తరవాత శాటిలైట్, ఆ తరవాత డిజిటల్ హక్కులు. బొమ్మ లేకపోయినా మన హీరో చావకూడదన్న నియమం మాత్రం గట్టిగానే ఉంది. హాన్ సోలోకు కెన్నర్ ఎలాగో మన హీరోకు అభిమాన సంఘం అలాగ. 2005లో 'చక్రం'లో ప్రభాస్ పాత్ర చనిపోయింది, సినిమా ఆడలేదు. పదేళ్లకు 'బాహుబలి'లో తండ్రి చనిపోయినా జనం చప్పట్లు కొట్టారు. కొడుకూ ప్రభాసే కదా!

ఆ 'బాహుబలి'తోనే తెలుగు నిర్మాతలు సినిమా అయిపోయాక కూడా కథను అమ్మడం నేర్చారు. గ్రాఫిక్ ఇండియాతో కలిసి కామిక్స్, 2017లో యానిమేషన్ సిరీస్, మూన్‌ఫ్రాగ్ ల్యాబ్స్ మొబైల్ గేమ్, శివగామి పాత్ర మీద ఆనంద్ నీలకంఠన్ నవల. సినిమా ముందు, సరుకు వెనక. అయితే హైదరాబాదులోనే ఇంకొకరు ఈ విద్య ముందే పట్టారు. రాజీవ్ చిలక గ్రీన్ గోల్డ్ సంస్థ నుంచి 2008లో పోగో చానల్‌లోకి వచ్చిన ఛోటా భీమ్ బడిసంచీలకెక్కాడు, టిఫిన్ డబ్బాలకెక్కాడు, తన పేరుమీద దుకాణాలే తెరిపించాడు. నారింజ రంగు ధోవతి, చేతిలో లడ్డు. ఎంత చిన్న సైజులో అచ్చేసినా ఎవరో తెలిసిపోతుంది.

'కల్కి 2898 ఏడీ'లో ఆ రెండు దారులూ కలిశాయి. వైజయంతి మూవీస్ చిత్రం, దర్శకుడు నాగ్ అశ్విన్, స్క్రిప్టుకు మార్గదర్శకుడు మళ్లీ సింగీతమే. 2022 డిసెంబర్ 31న వాళ్లు జనానికి చూపించిన తొలి తెరవెనక వీడియో ఒక చక్రం తయారీ గురించి. హీరో ముఖం కాదు, చక్రం! ఆ చక్రం బుజ్జిది. ఆ బండిని చెన్నైలోని మహీంద్రా పరిశోధన కేంద్రం, కోయంబత్తూరు జయేమ్ సంస్థ ఇంజనీర్లు నిజంగా నడిచేలా కట్టారు. దానికి కీర్తి సురేశ్ గొంతిచ్చింది. 2024 మే 31న 'బుజ్జి అండ్ భైరవ' యానిమేషన్ ప్రైమ్‌లో వచ్చింది. అదే రోజు ఛోటా భీమ్ మనుషులు నటించిన సినిమాగా థియేటర్లకు వచ్చాడు. జూన్ 27న 'కల్కి' విడుదలయ్యేసరికి పిల్లలకు బుజ్జి పాత స్నేహితురాలు.

కథ మీద దీని ముద్ర కనిపిస్తుంది. సినిమా మొదటి భాగంలో ప్రభాస్ వేసిన భైరవ, బుజ్జి కీచులాటలకు దొరికిన సమయం అశ్వత్థామకు దొరకలేదని నాకనిపించింది. అసలు కథలోని సుమతి గర్భం, కురుక్షేత్రపు అప్పు అంతా అటుంచి పిల్లల కోసం వేరే చిన్న సినిమా నడుస్తున్నట్టుంటుంది. అది తప్పని అనను. ఆరు వందల కోట్ల ఖర్చన్న సినిమాకు ఇంటిల్లిపాదీ రావాలి. బుజ్జి బొమ్మలు, టీషర్టులు అమ్మినా, ఆ డబ్బు ఖర్చులో ఏ మూలకూ రాదు. బుజ్జి పని దుకాణంలో కాదు, ప్రచారంలో.

పెద్ద ఎత్తున దుకాణం దాకా వెళ్లకపోవడానికి కారణం తయారీలోనే ఉంది. ప్లాస్టిక్ బొమ్మకు అచ్చు చేయించాలంటే నెలలు పడుతుంది, రూపం ముందే ఖాయం కావాలి. మన సినిమాల్లో గ్రాఫిక్స్ విడుదల వారం దాకా మారుతూనే ఉంటాయి. 'కల్కి' మొదట 2024 జనవరి 12 అన్నారు, తరవాత మే 9, చివరికి జూన్ 27. సంక్రాంతికి వచ్చి ఉంటే బొమ్మల కొలువు రోజులు కలిసొచ్చేవి! బయటినుంచి తెప్పించుకోవడమూ కష్టమే. బొమ్మల దిగుమతి సుంకం 2020లో 20 శాతం నుంచి 60కి, 2023లో 70కి పెరిగింది. 2021 నుంచి భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ముద్ర తప్పనిసరి. భౌగోళిక గుర్తింపు ఉన్న చేతి బొమ్మలకు మాత్రం మినహాయింపు. కొండపల్లి కల్కికి ముద్ర అక్కర్లేదు, బుజ్జికి కావాలి.

అయినా నిర్మాతలు ఈ దారి వదలరు, దానికి కారణం బొమ్మల ఆదాయం కాదు. మన సినిమాలో హీరో ముఖం హీరోది, అభిమానులది. నిర్మాత దాన్ని అద్దెకు తీసుకుంటాడు. బుజ్జి పూర్తిగా వైజయంతిది, భీమ్ పూర్తిగా గ్రీన్ గోల్డ్‌ది. 2025 సెప్టెంబర్‌లో రెండో భాగంలో దీపికా పదుకొణె ఉండదని వైజయంతి ప్రకటించింది. ఆమె వేసిన సుమతి ముఖాన్ని ఏంచేయాలో రచయితలు తేల్చుకోవలసి వచ్చింది. బుజ్జికి కాల్షీట్లు లేవు. రేపు తెలుగు సైన్స్ ఫిక్షన్ రాసేవాళ్ల బల్లమీద హీరో కథ పక్కనే ముఖం లేని పాత్రొకటి ఉండాలని నిర్మాత అడుగుతాడు, అది కథకు కావాలా వద్దా అన్న ప్రశ్నకు ముందే.