ఇన్యుయిట్‌లు: పలచబడుతున్న మంచు మీద జీవనం

కెనడా ఉత్తర భాగంలోని నునావుట్ ప్రాంతంలో 25 ఊళ్లున్నాయి. వాటిలో ఒక ఊరి నుంచి మరో ఊరికి రహదారి లేదు. శీతకాలంలో సముద్రం గడ్డకట్టిన తరువాత ఆ మంచు మీదుగానే జనం వేటకూ, చేపలకూ, బంధువుల ఇళ్లకూ వెళతారు. ఇప్పుడా దారి ఏటేటా ఆలస్యంగా ఏర్పడి, ముందుగానే కరిగిపోతోంది. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుంచి భూగోళ సగటు కంటే దాదాపు నాలుగు రెట్లు వేగంగా వేడెక్కిందని 2022లో వెలువడిన ఒక అధ్యయనం తేల్చింది.

మన పాఠ్యపుస్తకాల్లో ఎస్కిమోలుగా పరిచయమైన ప్రజల్లో వీరు ముఖ్యులు. ఆ పేరు ఇతరులు పెట్టినది కావడంతో వీరిలో చాలామంది దానిని అంగీకరించరు. వారి భాషలో ఇన్యుయిట్ అంటే మనుషులు అని అర్థం, ఒక్క మనిషి అయితే ఇనుక్. అలాస్కా, కెనడా, గ్రీన్‌లాండ్, రష్యాలోని చుకోట్కాలలో కలిపి సుమారు 1,80,000 మందికి ఇన్యుయిట్ సర్కంపోలార్ కౌన్సిల్ ప్రాతినిధ్యం వహిస్తోంది. ఈ సంస్థ 1977లో ఏర్పడింది.

మారే ప్రకృతికి తగినట్లు మారడం ఇన్యుయిట్‌లకు కొత్త కాదు. జంతువులు ఎటు కదిలితే అటు, రుతువును బట్టి మకాం మార్చడమే వారి పూర్వీకుల ప్రధాన సాధనం. అయితే 1950, 60 దశకాలలో కెనడా ప్రభుత్వం వారిని బడి, వైద్యశాల, దుకాణం ఉన్న స్థిర గ్రామాలలోకి చేర్చింది. 1953, 1955 సంవత్సరాలలో కొన్ని కుటుంబాలను క్విబెక్ ఉత్తర తీరం నుంచి రెండు వేల కిలోమీటర్ల దూరానున్న గ్రైజ్ ఫియోర్డ్, రెజొల్యూట్‌లకు తరలించింది. ఇందుకు 2010లో ప్రభుత్వం క్షమాపణ కోరింది. నేటి ఇన్యుయిట్‌ల ఇబ్బందిని అర్థం చేసుకోవాలంటే ఈ చరిత్రను విస్మరించకూడదు. మకాం ఎత్తివేసే వీలు పోయిన తరువాతే మంచు కరగడం మొదలైంది.

మంచు బలాన్ని అంచనా వేయడం వారిలో తరతరాలుగా నేర్పుతున్న విద్య. వేటగాడు హార్పూన్ ఈటెతో ముందున్న మంచును పొడిచి చూస్తూ నడుస్తాడు. రంగు, చప్పుడు, గాలి దిశ, కింది ప్రవాహం అన్నీ లెక్కలోకి వస్తాయి. తీరానికి అంటుకుని నిలిచిన మంచుకూ, అప్పుడే కడుతున్న మంచుకూ వేర్వేరు పేర్లున్నాయి. బాఫిన్ దీవిలోని క్లైడ్ రివర్ పెద్దలు ఇటీవలి వాతావరణాన్ని వర్ణించడానికి ఉగ్గియానక్తుక్ అనే మాట వాడారు. బాగా తెలిసిన మిత్రుడు ఉన్నట్టుండి తెలియనివాడిలా ప్రవర్తించినప్పుడు అనే మాట అది. అనుభవం పనికిరాకుండా పోలేదు గానీ, అనుభవానికి అందని రోజులు పెరిగాయన్నది వారి మాటల సారాంశం.

లాబ్రడార్ తీరాన నునాత్సియావుత్ ప్రాంతంలోని నేన్ గ్రామంలో 2009-10 శీతకాలం అసాధారణంగా వెచ్చగా గడిచింది. చాలామంది మంచు పగిలి నీటిలో పడ్డారు. ఆ అనుభవం నుంచే స్మార్ట్‌ఐస్ అనే సేవ పుట్టింది. మంచులో నిలువుగా పాతిన గొట్టంలోని సెన్సర్లు వివిధ లోతుల్లో ఉష్ణోగ్రతను కొలుస్తాయి. మంచు ఎంత మందంగా ఉన్నదీ దాన్నిబట్టి తెలుస్తుంది. కాముతిక్ అనే సంప్రదాయ స్లెడ్జి బండిపై అమర్చిన మరో పరికరాన్ని స్నోమొబైల్ వెనుక లాక్కువెళితే దారి పొడవునా కొలతలు అందుతాయి. ఎక్కడ కొలవాలో చెప్పేది ఊరి వేటగాళ్లే. ఈ సేవకు 2017లో ఐక్యరాజ్యసమితి వాతావరణ విభాగం పురస్కారం లభించింది.

హడ్సన్ అఖాతంలోని సానికిలువాక్ కేంద్రంగా పనిచేసే ఆర్కిటిక్ ఈడర్ సొసైటీ 2019లో సీకు అనే యాప్‌ను విడుదల చేసింది. సీకు అంటే సముద్రపు మంచు. ప్రమాదకరమైన పగులు కనిపిస్తే వేటగాడు ఫొటో తీసి, తన భాషలోని పేరుతోనే అందులో నమోదు చేస్తాడు. ఆ సమాచారంపై హక్కు అతనిదే. పరిశోధకులు వచ్చి వివరాలు సేకరించుకుపోతే, ఊరికి చివరకు ఏమీ మిగలని పాత అనుభవం ఈ నిబంధన వెనుక ఉంది.

వేట పద్ధతులూ మారుతున్నాయి. మంచు నిలవని నెలల్లో వాల్రస్‌లనూ, సీల్‌లనూ పడవలపై వేటాడుతున్నారు. కానీ మంచు లేని సముద్రంలో అలలు పెద్దవి. అందుకు పెద్ద పడవ, ఎక్కువ ఇంధనం కావాలి. దక్షిణాది నుంచి విమానాల్లోనూ, వేసవి ఓడల్లోనూ వచ్చే సరుకులు అక్కడ విపరీతమైన ఖరీదు. కనుక వేట తగ్గితే ఇంట్లో తిండి తగ్గినట్టే. అలాస్కాలోని ఉత్కియాగ్విక్‌లో తిమింగలం మాంసం దాచే నేలమాళిగల్లోకి నీరు చేరుతోంది. మరోవైపు కెనడా పశ్చిమ ఆర్కిటిక్ జాలర్ల వలల్లో పసిఫిక్ సాల్మన్ చేపలు మునుపటి కంటే ఎక్కువగా పడుతున్నాయి.

నేల సంగతి మరీ కష్టం. ఏళ్ల తరబడి గడ్డకట్టి ఉండే నేలను పెర్మాఫ్రాస్ట్ అంటారు. ఇంటి వేడికి అది కరగకుండా ఇళ్లను కాళ్లపై నిలబెట్టడం అక్కడి పద్ధతి. ఇప్పుడు నేల ఒక పక్కకు దిగబడితే సరిచేసుకోవడానికి ఎత్తు మార్చగల జాకీలు వాడుతున్నారు. అయినా 2008 జూన్‌లో పాంగ్నిర్టుంగ్ గ్రామంలో వరద గడ్డకట్టిన గట్టును కోసివేయడంతో వంతెనలు దెబ్బతిని, ఊరిలో ఒక భాగం నీటి సరఫరా నుంచి తెగిపోయింది. అలాస్కాలోని షిష్మరెఫ్ వాసులు ఊరినే తరలించాలని 2016లో 89–78 ఓట్ల తేడాతో తీర్మానించారు. అందుకు కావలసిన కోట్ల డాలర్లు మాత్రం సమకూరలేదు.

ఈ ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నను షీలా వాట్-క్లూటియే 2005లోనే లేవనెత్తారు. కెనడా, అలాస్కాలకు చెందిన మరో 62 మంది ఇన్యుయిట్‌లతో కలిసి, అమెరికా ఉద్గారాలు తమ మానవ హక్కులను హరిస్తున్నాయంటూ అంతర అమెరికా మానవ హక్కుల సంఘాన్ని ఆశ్రయించారు. సంఘం ఆ పిటిషన్‌ను విచారణకు స్వీకరించలేదు. అయితే 2007లో వాతావరణ మార్పుకూ, మానవ హక్కులకూ గల సంబంధంపై ఆమె వాదన వినింది. కెనడాలోని ఇన్యుయిట్ జాతీయ సంస్థ 2019 జూన్‌లో సొంత వాతావరణ వ్యూహాన్ని ప్రకటించింది. ఆహారం, ఆరోగ్యం, గృహాలు, ఇంధనం అందులో ప్రధానాంశాలు. ఆర్కిటిక్ కౌన్సిల్‌లో ఇన్యుయిట్‌లకు శాశ్వత భాగస్వామి హోదా ఉంది. అదే కౌన్సిల్‌లో భారతదేశం 2013 నుంచి పరిశీలక దేశం.

నునావుట్‌లోని ఆర్కిటిక్ బే గ్రామంలో 2018 నుంచి మరో ప్రయోగం సాగుతోంది. నౌత్తిక్సుక్తీత్ అనే స్థానిక సంరక్షకులకు జీతం ఇచ్చి మంచునూ, జంతువులనూ, తీరానికి వచ్చే నౌకలనూ గమనించే పని అప్పగించారు. వేట కూడా వారి ఉద్యోగంలో భాగమే. తెచ్చిన మాంసాన్ని ఊరిలో పంచుతారు. యువకులు పెద్దల వెంట వెళ్లి మంచును పొడిచి చూడటం నేర్చుకుంటున్నారు.