యుద్ధనౌకకు పెట్టిన పేరు

మలయా, సింగపూర్, ఉత్తర బోర్నియో ప్రాంతాలు కలిసి 1963లో మలేషియాగా ఏర్పడడం బ్రిటిష్‌వారి ఎత్తుగడేనని నమ్మిన ఇండోనేషియా అధ్యక్షుడు సుకర్ణో, 'కొన్‌ఫ్రొంటాసి' అనే విధానాన్ని, అంటే యుద్ధం ప్రకటించకుండానే చొరబాట్లతోనూ బాంబులతోనూ పొరుగుదేశాన్ని వేధించే పద్ధతిని, చేపట్టారు. డచ్చివారితో నాలుగేళ్లు పోరాడి స్వాతంత్ర్యం నిలుపుకున్న జాతికి ఆ అనుమానం వింతగా తోచలేదు.

అప్పటికి మలేషియాలో భాగమైన సింగపూర్‌లో, ఆర్చర్డ్ రోడ్డులోని మెక్‌డొనాల్డ్ హౌస్ అనే ఎర్ర ఇటుకల భవనంలో 1965 మార్చి 10న బాంబు పేలి ముగ్గురు మరణించారు. 33 మంది గాయపడ్డారు. దాన్ని పెట్టిన ఉస్మాన్, హరూన్ ఇండోనేషియా నౌకాదళ సైనికులే అయినా మామూలు దుస్తుల్లో వచ్చి పౌరుల మీద దాడి చేసినందువల్ల, వారికి యుద్ధఖైదీల రక్షణ వర్తించదని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్, అంటే నాటి అత్యున్నత అప్పీలు న్యాయస్థానం, తేల్చింది. సుకర్ణో తర్వాత వచ్చిన అధ్యక్షుడు సుహార్తో క్షమాభిక్ష కోరినా, అప్పటికి మలేషియా నుంచి విడిపోయి స్వతంత్ర దేశమైన సింగపూర్ వినకుండా 1968 అక్టోబరులో వారిని ఉరితీసింది. జకార్తాలో అల్లరిమూకలు సింగపూర్ రాయబార కార్యాలయాన్ని ధ్వంసం చేయగా, ప్రభుత్వం ఆ ఇద్దరినీ జాతీయవీరులుగా ప్రకటించింది.

చుట్టూ ముస్లింలు అధికంగా ఉన్న పెద్ద దేశాలు, మధ్యలో చైనా సంతతివారు అధికంగా ఉన్న ఈ నగరరాజ్యం, పైగా తాగునీటిలో పెద్దభాగం మలేషియాలోని జొహోర్ నుంచే రావాలి: ఇటువంటి స్థితిలో మెత్తబడితే లోకువవుతామన్న భయమే ఉరిశిక్ష దగ్గర సింగపూర్‌ను మొండిగా నిలబెట్టిందనవచ్చు. అయితే 1973లో జకార్తా వెళ్లిన ప్రధాని లీ క్వాన్ యూ, తన ప్రభుత్వమే ఉరితీసిన ఆ ఇద్దరి సమాధులపై పూలు చల్లారు. 1967 నుంచి యువకులకు నిర్బంధ సైనికసేవ విధించి పెంచుకున్న సైన్యం ఇవ్వలేని భద్రతను ఆ పూలు కొంతైనా ఇచ్చాయనడం అతిశయోక్తి కాదు; మరుసటి ఏడాదే సుహార్తో సింగపూర్ వచ్చారు.

ఆ సర్దుబాటు పాలకుల మధ్యదే తప్ప పాఠ్యపుస్తకాలకూ సైనిక సంప్రదాయాలకూ ఎక్కలేదు. అందుకే 2014లో ఇండోనేషియా ఒక కొత్త యుద్ధనౌకకు 'ఉస్మాన్ హరూన్' అని పేరు పెట్టగా, సింగపూర్ దానికి తన రేవుల్లో ప్రవేశం నిరాకరించింది. ఇండోనేషియా సైన్యాధిపతి విచారం తెలిపారు గాని పేరు మార్చలేదు. సింగపూర్ మరుసటి ఏడాది కొన్‌ఫ్రొంటాసి మృతులకు స్మారకచిహ్నం నెలకొల్పింది.