కార్బన్ పొరలు

వాయు మిశ్రమాలను వేరుచేయడానికి వాడే ఒక రకం పొరలు. పాలిమర్‌ను గాలి తగలకుండా, సాధారణంగా 500 నుంచి 1000 డిగ్రీల సెల్సియస్ మధ్య కాల్చి వీటిని తయారుచేస్తారు. కాలేటప్పుడు పాలిమర్‌లోని హైడ్రోజన్, ఆక్సిజన్, నైట్రోజన్ చాలావరకు వాయువులుగా వెళ్లిపోతాయి. మిగిలిన కర్బనం పలుచని రేకులుగా, అడ్డదిడ్డంగా పేరుకుంటుంది. ఆ రేకుల మధ్య సందులే అణు జల్లెడ. అణువు వ్యాసం కార్బన్ డయాక్సైడ్‌కు 0.33, ఆక్సిజన్‌కు 0.346, నైట్రోజన్‌కు 0.364, మీథేన్‌కు 0.38 నానోమీటర్లు. ఇంత చిన్న తేడాను పట్టగలగడమే ఈ పొరల ప్రత్యేకత.

బొగ్గు వాయువులను పీల్చుకుంటుందని 18వ శతాబ్దిలోనే తెలుసు. పొరతో వాయువులను వేరుచేయడమూ పాత సంగతే: 1866లో థామస్ గ్రాహం అనే శాస్త్రవేత్త పలుచని రబ్బరు పొర గుండా గాలిని లాగి, అందులో ఆక్సిజన్ వాటాను 21 నుంచి సుమారు 41 శాతానికి పెంచాడు. 1954లో డేసీ, థామస్ అనే శాస్త్రవేత్తలు సరాన్ ప్లాస్టిక్‌ను కాల్చి తీసిన బొగ్గు అణు జల్లెడగా పనిచేస్తుందని ప్రకటించారు. 1960లలో బారర్ అనే శాస్త్రవేత్త బృందం కర్బనపు పొడిని బిళ్లగా అదిమి, దాని గుండా వాయువులు ఎలా సాగుతాయో కొలిచింది.

అసలు మలుపు 1983లో వచ్చింది. ఇజ్రాయెల్‌కు చెందిన కోరెష్, సోఫర్ పాలిమర్ బోలు తంతువులను కాల్చి, పగుళ్లు లేని కార్బన్ పొరను సాధించారు. అదే ఏడాది బర్డ్, ట్రిమ్ ఫర్‌ఫ్యూరిల్ ఆల్కహాల్ పాలిమర్‌తో ప్రయత్నించారు గానీ, కాలేటప్పుడు పదార్థం కుంచించుకుపోవడం వల్ల పగుళ్లులేని పొర వారికి చిక్కలేదు. ఇజ్రాయెల్ జంట సాధించిన మరో మేలైన సంగతి, సందులను సవరించే పద్ధతి. కొద్దిగా ఆక్సీకరణం చేస్తే సందు వెడల్పవుతుంది, మళ్లీ బాగా కాలిస్తే ఇరుకవుతుంది.

పాలిమర్ పొరలు 1980లలోనే హైడ్రోజన్‌ను వేరుచేసే పరిశ్రమల్లో కుదురుకున్నాయి. అయితే ఒక వాయువును ఎక్కువగా పోనిచ్చే పాలిమర్ రెండో దాన్ని సరిగా ఆపలేదు. ఈ హద్దును 1991లో రోబ్సన్ అనే పరిశోధకుడు గీత గీసి చూపాడు. ఆ గీత దాటగలిగే పదార్థం కావలసి రావడంతో పరిశోధకుల చూపు కార్బన్ మీదికి మళ్లింది. టెక్సస్ విశ్వవిద్యాలయంలో జోన్స్, కోరోస్ పాలీఇమైడ్ అనే పాలిమర్ బోలు తంతువులను కాల్చిన పద్ధతిని 1994లో ప్రచురించారు. ఈ రంగంలో అంత ఓపికగా సాగిన పని తక్కువ. కొలిమిని మొదట వేగంగా వేడిచేసి, కావలసిన వేడి దగ్గరపడే కొద్దీ వేగం తగ్గిస్తారు. 550 డిగ్రీలకు చేర్చాలంటే చివరి 15 డిగ్రీలకు నిమిషానికి పావు డిగ్రీ చొప్పున గంట పడుతుంది. ఆపైన రెండు గంటలు అదే వేడిలో ఉంచుతారు. అంత జాగ్రత్తగా చేసిన పొరనూ గాలిలోని తేమ, నూనె ఆవిర్లు మందగింపజేస్తాయని వారే గుర్తించారు. ఆవిర్ల బెడదకు ప్రొపిలీన్ వాయువుతో శుభ్రం చేయడం, తేమకు టెఫ్లాన్ జాతి పాలిమర్ పూత వేయడం విరుగుడుగా సూచించారు.

ఎయిర్ ప్రొడక్ట్స్ సంస్థలో రావు, సర్కార్ 1993లో ఇందుకు భిన్నమైన దారి పట్టారు. వారి పొర హైడ్రోకార్బన్లను అంటించుకుని అవతలికి పంపి, చిన్నదైన హైడ్రోజన్‌ను ఇవతలే ఆపుతుంది. హైడ్రోజన్ అధిక పీడనంలోనే మిగులుతుంది కాబట్టి దాన్ని మళ్లీ అదిమే ఖర్చు తప్పుతుంది. జపాన్‌లో సుడా, హరాయా కాప్టన్ పాలీఇమైడ్ ఫిల్మును కాల్చి పరిశీలించారు. 1999లో డెలావేర్ విశ్వవిద్యాలయంలో షిఫ్లెట్, ఫోలీ అల్ట్రాసానిక్ ధ్వనితో పాలిమర్‌ను చిమ్మి, స్టీలు గొట్టాల మీద కార్బన్ పొర వేశారు.

2016లో జార్జియా టెక్, ఎక్సాన్‌మొబిల్ పరిశోధకులు ఇలాంటి పొరతోనే గది ఉష్ణోగ్రత వద్ద పారా జైలీన్‌ను ఆర్థో జైలీన్ నుంచి ద్రవ రూపంలోనే వేరుచేశారు. కార్బన్ పెళుసు, తయారీ ఖరీదు. అందుకే వాయువులను వేరుచేసే పరిశ్రమల్లో నేటికీ పాలిమర్ పొరల వాడకమే ఎక్కువ.